పెండ్లి పిలుపుకు పల్లకి వస్తోంది

మా వేములలో సంక్రాంతి మూడు రోజుల పండగ. భోగినాడు మంటలు, మరునాడు పెద్దలకు పెట్టుకోవడం, కనుమనాడు ఎద్దుల కొమ్ములకు రంగులు. నాలుగోనాటికి ఎవరి చేను దారి వాళ్లది. మా అమ్మ పుట్టిన ఊళ్లో ఈ లెక్క చెల్లదు. ఆళ్లగడ్డ దగ్గరి ఆ పల్లెలో కనుమనాడు ఎద్దులకు కట్టిన పూలు వాడిపోయాకే అసలు ఎదురుచూపు మొదలవుతుంది. ఆ రోజు అహోబిలం నుంచి నరసింహస్వామి పల్లకి బయలుదేరుతుంది. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. ఏ ఊరికి ఏ రోజు చేరితే ఆ ఊరికి ఆ రోజే పెద్దపండగ. దాన్నే పారువేట అంటారు.

ఈ ఆదివారం సంచికకు సంక్రాంతి గురించి ఏదైనా రాయమన్నప్పుడు నాకు ముగ్గులూ గంగిరెద్దులూ గుర్తుకు రాలేదు. పల్లకి ముందు విల్లు ఎక్కుపెట్టి నిలబడిన చెంచులు గుర్తుకొచ్చారు. దేశంలో ఆదివాసుల పండగలంటే మేడారం, కేస్లాపూర్ అని అందరూ చెప్పేస్తారు. వాటి గొప్పతనం వాటిదే. కానీ మా కడప పక్కనే, ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా కర్నూలు రోడ్డెక్కి దువ్వూరు, చాగలమర్రి దాటితే వచ్చే నేలమీద, ఆరు వందల ఏళ్లుగా ఒక దేవుడు తన పెండ్లికి రమ్మని అడవి మనుషులనూ పల్లె మనుషులనూ స్వయంగా వెళ్లి పిలుస్తున్నాడు. ఈ ముచ్చట చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదని నా బాధ.

అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా ఆ కొండ మా ఇళ్లలోనే ఉంటుంది. మా వైపు ఏ ఊళ్లో అడిగినా ఒక ఓబులేసు, ఒక ఓబుళమ్మ, ఒక ఓబులరెడ్డి, ఒక పెద్ద ఓబయ్య తప్పకుండా ఉంటారు. ఓబులవారిపల్లె అని ఊరికే పేరుంది. అహోబలం నోట్లో నలిగి ఓబులమైంది. బడిలో పేరు పిలిచేటప్పుడు ముగ్గురు ఓబులేసులు ఒకేసారి లేచి నిలబడటం నేను చూశాను.

ఆ కొండ గురించి దొరికే పాత సాక్ష్యాల్లో ఒకటి తమిళంలో ఉంది. ఎనిమిదో శతాబ్దం నాటి తిరుమంగై ఆళ్వారు దీన్ని సింగవేళ్ కుండ్రం అని పిలిచి పది పాశురాలు చెప్పాడు. భక్తి కన్నా ముందు ఆయన్ను ఆ చోటు భయపెట్టినట్టుంది. కాలిన రాళ్లు, ఎండిన వెదుళ్లు, విల్లు పట్టిన వేటగాళ్లు, వాళ్ల ఆగని కేకలు ఆ పాటల్లో ఉన్నాయి. ఆ వేటగాళ్ల పేరేమిటో ఆయన చెప్పలేదు. నాకు మాత్రం అవి చదివినప్పుడల్లా నల్లమల చెంచుల ముఖాలే కనబడతాయి.

ఆ తర్వాత వందల ఏళ్లు చప్పున దాటేయవచ్చు. 1398లో ఆదివణ్ శఠగోపస్వామితో అహోబిల మఠం మొదలైంది. మా తాళ్లపాక అన్నమయ్య ఆయన దగ్గరే వైష్ణవం నేర్చుకున్నాడంటారు. అన్నమయ్య పాటల్లో చెంచీత తిరుగాడుతుంటుంది. అడవి పిల్లను అంత ముద్దుగా పాటలోకి తెచ్చుకోవడం ఆయనకు అహోబిలం నేర్పిందేనని నా నమ్మకం. కళింగ దండయాత్ర రోజుల్లో, 1515-16 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి నగలూ ఊరూ సమర్పించాడు. 1579లో గోల్కొండ సైన్యం గుడిని పట్టుకుంది. మళ్లీ అయిదేళ్లకు గానీ అది మఠం చేతికి రాలేదు. శాసనాలు రాజులిచ్చిన హారాల బరువు చెబుతాయి, దానమిచ్చిన ఊళ్ల హద్దులు చెబుతాయి. కొండమీదికి తేనె తెచ్చిందెవరో, దట్టమైన అడవిలో దారి చూపిందెవరో వాటిలో వెతికినా దొరకదు. ఆ సంగతి దాచిపెట్టింది పారువేట ఒక్కటే.

పారువేటను మొదటి జీయరే మొదలుపెట్టారని మఠం సంప్రదాయం. చెంచులనడిగితే మొదలుపెట్టింది మా ఆడబిడ్డ అంటారు. రెండో మాటే నాకు ఇష్టం.

కథ అందరికీ తెలిసిందే. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తర్వాత నరసింహుడి కోపం చల్లారలేదు. దేవతలు పొగిడినా తగ్గలేదు. ఆ కోపంతో నల్లమలలో తిరుగుతుంటే చెంచుగూడెంలో పుట్టి పెరిగిన లక్ష్మి ఎదురైంది. ఆయన కోపం అక్కడ దిగింది. మా అవ్వ చెప్పే కథలో ఆ పిల్ల వెంటనే ఒప్పుకోదు. ‘గడ్డలు తవ్వడం వచ్చునా? తేనె తీయడం వచ్చునా? ఏమీ రాకుండా నన్నెట్ట సాకుతావు?’ అని అడుగుతుంది. లోకాలను కాపాడే దేవుడు గడ్డపార పట్టుకుని చెమటలు కారుస్తూ గడ్డలు తవ్వుతాడు. ఆ ఘట్టం దగ్గర అవ్వ ఎప్పుడూ ఆగి, మా వైపు చూసి, ‘అల్లుడంటే అట్ట ఉండాల’ అనేది.

తేనె తీయడం ఎంత కష్టమో తెలిస్తేనే ఆ పరీక్ష బరువు తెలుస్తుంది. కొండచరియకు పట్టిన పెరతేనె కోసం చెంచు మగవాడు నారతాడు కట్టుకుని లోయలోకి దిగుతాడు. కింద రాళ్లు, చుట్టూ తేనెటీగలు. పైన తాడు పట్టుకునేది అతని బావమరిదే. అన్నదమ్ములు పట్టుకోరు. తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు చివర వేలాడుతున్నాయి కాబట్టి బావమరిది చెయ్యి జారనివ్వడని చెంచుల లెక్క. ప్రాణం నిలబెట్టే చుట్టరికం అది. నరసింహుడు చెంచులకు బావ అయ్యాడంటే ఆ తాడు చివరికి చేరాడన్నమాట.

మా సీమలో దేవుళ్లకు ఇలాంటి అత్తవారిళ్లు కొత్త కాదు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు గుడికి వస్తారు. వెంకటేశ్వరుడు బీబీ నాంచారిని పెండ్లాడాడు కాబట్టి ఆయన తమ ఇంటి అల్లుడని సారె తెస్తారు. శ్రీశైలంలో మల్లన్నను చెంచు మల్లయ్య అంటారు. రాయలసీమలో దేవుడితో మాట కలపాలంటే ముందు వరస కలపాలి. నాకు ఈ నేల మీద ఉన్న ప్రేమలో సగం దీనివల్లే వచ్చింది.

ఇక పారువేట. కనుమనాటికి అహోబిలంలో ఇద్దరు ఉత్సవమూర్తులను ఒకే పల్లకిలో కూర్చోబెడతారు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం నుంచి ప్రహ్లాదవరదుడు. చెంచులు విల్లంబులతో ఎదురొచ్చి పల్లకి వైపు బాణాలు వేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బాణం దేవుడి వైపే పోతుంటే అమ్మ కొంగు పట్టుకున్నాను. ‘ఎందుకమ్మా సామిని కొడతాండారు?’ అంటే మా అవ్వ నవ్వి, ‘కొట్టడం కాదు నాయనా. బామ్మర్దులు బావను ఎదురుకుంటాండారు. మనింట్లో పన్నీరు చల్లుతాం, వాళ్లింట్లో అంబులేస్తారు. అంతే’ అంది. దండం పెట్టుకునే చోట ఇంత చనువుగా ఉండవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

అహోబిలం నుంచి పల్లకి బాచేపల్లి దారి పడుతుంది. అక్కడి నుంచి ఊరి తర్వాత ఊరు. పల్లకి మోసే బోయీల కుటుంబాలకు అది తరతరాల హక్కు. భుజం మార్చుకునేటప్పుడు కూడా పల్లకి వంగదు. కొంతమంది దీక్ష పట్టి పసుపు బట్టలు కట్టుకుని పల్లకి వెంట నడుస్తారు. ప్రతి ఊళ్లో సామిని దించడానికి ఒక అరుగు ఉంటుంది. ఏడాదంతా ఆ అరుగు మీద ముసలివాళ్లు కూర్చుంటారు, పిల్లలు గోళీలాడతారు, కుక్కలు పడుకుంటాయి. పల్లకి రావడానికి వారం ముందు దానికి సున్నం పడుతుంది. ఆ సున్నం వాసన వస్తే చాలు, పెండ్లయిన ఆడబిడ్డలకు పుట్టింటి పిలుపు వచ్చినట్టే. మా అమ్మ ఏటా ఆ వాసనకే వేముల నుంచి బయలుదేరేది.

నాకు బాగా గుర్తున్న రాత్రి ఒకటుంది. పల్లకి మధ్యాహ్నానికి రావాలి. పక్క ఊరివాళ్లు వదలక, దారిలో ప్రతి ఇంటి ముందూ హారతులు పట్టగా, చీకటి పడినా రాలేదు. మా అవ్వ పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. చలికి పిల్లలం గోనెపట్టలు కప్పుకుని అరుగు కింద వరసగా ముడుచుకుని కూర్చున్నాం. ఎప్పుడో నడిరేయి దాటాక దూరాన జొన్నచేల మీదుగా తప్పెట్ల మోత వినిపించింది. ముందు అది మోతలాగా లేదు, గుండెలో ఏదో కొట్టుకుంటున్నట్టే ఉంది. తర్వాత కొమ్ము ఊదిన చప్పుడు. కాగడాల వెలుతురు చేలగట్ల మీద వంకరలు తిరుగుతూ దగ్గరికొచ్చింది. ఊరంతా లేచింది. అవ్వ ఎదురెళ్లి, పల్లకి ఆగగానే, ‘ఇంత రాత్రా వచ్చేది? చంటిపిల్లోళ్లు చలిలో కూర్చోనుండారే!’ అని సామిని నిలదీసింది. పూజారిగారు నవ్వారు. మా ఊళ్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. పెండ్లి పిలుపుకు ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని ఇంటి పెద్దావిడ అట్లాగే అడుగుతుంది.

ఆ రాత్రి అరుగు ముందు కోలాటం పడింది. చెంచు తాత ఒకాయన, పల్లకి వెంట వచ్చినవాడు, ఒక పాట అందుకున్నాడు. పాటలో చెంచీతకూ సామికీ గొడవ. ఇద్దరి మాటలూ ఆయన గొంతులోనే, ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. ఆడవాళ్లు చెంచీత వైపు చేరి వంతపాడారు, మగవాళ్లు సామి వైపు. తెల్లారేదాకా ఆడవాళ్లే గెలిచారు. అహోబిలంలోని నవనరసింహుల్లో ఛత్రవట నరసింహుడు పాటంటే చెవి కోసుకుంటాడని, హాహాహూహూలనే గంధర్వులు పాడుతుంటే చేత్తో తాళం వేశాడని అక్కడి స్థలపురాణం. ఆ పల్లెలో ఆ రాత్రి పల్లకిలో ఉన్నాయనా తాళం వేసే ఉంటాడు.

తిరుగు ప్రయాణం అయ్యాక ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, కల్యాణం. పిలుపందుకున్న ఊళ్లన్నీ కదులుతాయి. కొండమీద పావన నరసింహుడి దగ్గర, మా వాళ్లు పాములేటి సామి అనేచోట, చెంచులక్ష్మి పక్కనే ఉంటుంది. అక్కడ చెంచుల మొక్కుబడులు వాళ్ల పద్ధతిలోనే సాగుతూ వచ్చాయి. అది అత్తవారి ముంగిలి కదా.

ఈ పండగ విలువ నాకు ఇంకా తెలిసింది కెనడా ఆదివాసుల చరిత్ర చదివినప్పుడు. అక్కడి పసిఫిక్ తీరంలోని జాతులకు పొట్లాచ్ అని ఒక వేడుక ఉంది. పెండ్లి అయినా, పేరు పెట్టినా, పెద్దవాళ్లు పోయినా ఊళ్లను పిలిచి, ముసుగులు కట్టి ఆడి, పాడి, ఉన్నదంతా వచ్చినవాళ్లకు పంచిపెడతారు. ఎంత పంచితే అంత పరువు. 1885 నుంచి అక్కడి ప్రభుత్వం దాన్ని నేరం చేసింది. 1921లో క్రిస్మస్ రోజుల్లో ఒక దీవిలో డాన్ క్రాన్మర్ అనే పెద్దాయన పెట్టిన పొట్లాచ్‌కు వెళ్లిన పాపానికి నలభై అయిదు మందిని పట్టుకున్నారు. పాట పాడినందుకు, ఆడినందుకు, కానుక పుచ్చుకున్నందుకు. ముసుగులు పట్టుకుపోయి మ్యూజియాల్లో పెట్టారు. ఆ నిషేధం చట్టంలోంచి పోయింది 1951లో. తర్వాత కొన్ని ముసుగులు ఇల్లు చేరాయి. వాటికోసం 1980లో అలర్ట్ బే అనేచోట ఒక భవనం కట్టుకుని ఉమిస్తా అని పేరుపెట్టుకున్నారు. చెర నుంచి తిరిగి రావడమని ఆ మాటకు అర్థం.

దాదాపు అవే సంవత్సరాల్లో మన వైపు 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పాటను ఎవరూ ఆపలేదు. పాట పుట్టిన అడవికి హద్దురాళ్లు పాతారు. గడ్డ తవ్వాలన్నా, వెదురు కొట్టాలన్నా, పశువును తోలాలన్నా అడగాల్సిన రోజులొచ్చాయి. నేరస్థ తెగల చట్టం 1911లో మన ప్రెసిడెన్సీకి వచ్చాక ఎరుకలను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి రోజూ హాజరు వేయించారు. అంతకు ముందే 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ రాసిన నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి, ఆ తర్వాత 1909లో కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేసిన థర్‌స్టన్ చెంచుల రూపురేఖలు, అలవాట్లు వివరంగా రాశారు. పారువేటలో పాడే ఆ ముసలాయన గొంతు ఎట్లా ఉండేదో రాయగల పుస్తకం ఏదీ రాలేదు.

1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దొర నల్లమలలోని అమ్రాబాదు చెంచుల మధ్య ఉన్నాడు. యుద్ధం వచ్చి, శత్రుదేశం మనిషిగా లెక్కకట్టి, హైదరాబాదు రాజ్యం దాటి పోనివ్వకపోతే ఆయన ఆ రోజుల్ని పెంటలనే చెంచుగూడేల్లో గడిపాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకం చదివితే చెంచులు అడవిలో ఎంత నిబ్బరంగా, ఎంత స్వేచ్ఛగా బతికారో కళ్లకు కడుతుంది. అదే ఏడు చెంచులక్ష్మి సినిమా కూడా వచ్చింది. 1958లో బి.ఎ. సుబ్బారావు మళ్లీ తీశారు. నాగేశ్వరరావు, అంజలీదేవి. మా అమ్మ దాన్ని టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని మూడుసార్లు చూసిందట. ఆ సినిమా తర్వాత పల్లెల్లో చెంచీత అంటే అంజలీదేవి ముఖమే అయింది. ముద్దొచ్చే ముఖమే. అసలు చెంచు ఆడపడుచుల ముఖాలు మాత్రం తెర మీదికి రాలేదు.

ఇక్కడి నుంచి నాకు వరస దొరకదు. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం వచ్చింది. పులి బతకాలి, నేనూ కోరుకుంటాను. పులితో కలిసి బతకడం తెలిసినవాళ్లే చెంచులు, వాళ్లలో ఎందరో ఇప్పుడు అటవీశాఖ కాపలా పనుల్లో ఉన్నారు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు సుమారు 64 వేల మంది. అంతమంది ఉన్నా విశేషంగా దుర్బలమైన తెగ అనే గుర్తింపు వాళ్లకుంది. 2023 నవంబరులో అలాంటి తెగల కోసం కేంద్రం జన్‌మన్ పథకం ప్రకటించింది, ఇళ్లు, రోడ్లు అంటున్నారు. రోడ్డు రావాలి. పురిటి నొప్పులొచ్చిన పిల్లను డోలీలో మోసుకురావడం పాటలో బాగుంటుందేమో, బతుకులో బాగుండదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, నేను వేముల వాణ్ని కాబట్టి. మా మండలం తుమ్మలపల్లిలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల అరటి రైతులు బోరునీళ్ల గురించి ఏళ్లుగా దిగులుపడుతూనే ఉన్నారు. 2019లో అదే యురేనియం కోసం నల్లమల అమ్రాబాదులో వెతుకులాట అనగానే చెంచులు వద్దన్నారు. ఊళ్లూ, పాటగాళ్లూ, సినిమావాళ్లూ తోడయ్యారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. కెనడా ఉత్తరాన గ్రేట్ బేర్ సరస్సు దగ్గరి డెనే ఆదివాసులు ఒకప్పుడు ఆ ఖనిజాన్ని గోతాల్లో వీపున మోశారు. అది దేనికి పోతోందో వాళ్లకెవరూ చెప్పలేదు. అది అణుబాంబుకు పోయిందని దశాబ్దాల తర్వాత తెలిశాక, 1998లో డెలినే అనే వాళ్ల ఊరి నుంచి కొందరు హిరోషిమా వెళ్లి అక్కడివాళ్లకు తమ విచారం చెప్పుకుని వచ్చారు. డోలు పాటలకు పేరున్న ఊరు అది. ఆ సంగతి చదివిన రోజు నాకు మా మండలమూ, నల్లమలా, ఆ మంచు సరస్సూ ఒకే గట్టు మీద కనబడ్డాయి. తమ చేతిలో లేని నేరానికి వాళ్లు అంతదూరం వెళ్లి తలవంచారు. మా అవ్వ బతికి ఉంటే వాళ్లకూ ఒక వరస కలిపేది.

ఈమధ్య పారువేటను యునెస్కో గుర్తింపు కోసం ఇన్‌టాక్ సంస్థ చిత్రీకరించి, వివరాలు కూర్చింది. మంచి పని. నేను అడిగేది ఇంకాస్త ఉంది. పల్లకి వెంట నడిచే చెంచు పెద్దల పాటలను వాళ్ల గొంతుతోనే, వాళ్ల ఇంటిపేర్లతోనే పట్టి ఉంచాలి. నిమ్మల, చిగుర్ల, ఉడతలూరి, కాట్రాజు అని వాళ్ల ఇంటిపేర్లే ఒక అడవి. వాళ్లు మాట్లాడేది తెలుగే. ఆ తెలుగులో ఎన్ని గడ్డల పేర్లు, ఎన్ని తేనెల పేర్లు, ఎన్ని గాలుల పేర్లు ఉన్నాయో మన నిఘంటువులు ఇంకా అడగలేదు.

పోయినసారి పల్లకి మా అమ్మ ఊరికి వచ్చినప్పుడు కాగడాల బదులు సెల్‌ఫోను వెలుగులున్నాయి. డీజే పెట్టె కూడా ఉంది. తప్పెట్లవాళ్లు దాని ముందు కాసేపు ఆగిపోయారు. అప్పుడు ఊరి ఆడవాళ్లే కుర్రవాళ్లను పిలిచి ఆ పెట్టె ఆపించారు. ‘సామి పెండ్లి పిలుపుకొచ్చినాడు, వినబడద్దా?’ అని మా పిన్నమ్మ అంది. తప్పెట మళ్లీ లేచింది.

ఈ ఏడు పల్లకి ఏ రోజు వస్తుందో మామ నిన్న ఫోనులో చెప్పాడు. అరుగుకు సున్నం పట్టిస్తున్నారట. అమ్మకు మోకాళ్లు లేవడం లేదు. అయినా పొద్దున చూస్తే పెట్టె తెరిచి పసుపు చీర మంచం మీద ఆరేసింది. కలరా ఉండల వాసన పోవాలట.